అంబు లేని విల్లు

మూలపాడు దాటి మట్టిబాట ఎక్కాం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. హైవే మీద లారీల మోత వెనకబడింది. ముందు తాత. ఊళ్ళో బుట్టలు, తట్టలు అల్లుతాడు. నా భుజాన ఉన్న విల్లు ఆయన చేసిందే. అంబులు మాత్రం మామిడితోట పాకలోనే వదిలేశాం. వేటను నిషేధించిన చట్టం 1972 నాటిది. అడవిలోకి అనుమతి ఉన్నా సరే, అంబులతో కనబడ్డవాణ్ణి షికారీ అనక ఏమంటారు?

పది అడుగులు వేశానో లేదో, విల్లు కొన సండ్ర కొమ్మకు తగులుకుంది. అది విడిపించేలోగా అల్లెతాడు ముళ్ళపొదలో చిక్కింది.

"భుజానెందుకు అబ్బాయ్? తాడు ఊడదీసి కర్రలా పట్టుకో. ఎక్కుపెట్టే ఉంచితే వెదురు ఆ వంపుకే అలవాటు పడిపోద్ది."

ఊడదీశాను. విల్లు దాదాపు నిటారైంది. నిన్నటి వంపు కాస్త మిగిలే ఉంది. సాధనం వెదురు, లోపల గుల్ల లేనంత గట్టిది. చీల్చి లోపలి వైపే చెక్కాడు, పై తోలుకు కత్తి ఆనించలేదు. నార ఒత్తుగా ఉండేది ఆ తోలు దగ్గరే. తాడు లాగినప్పుడు సాగే బరువంతా దానిదే. ముక్కు దగ్గర పెట్టుకుంటే పొగ వాసన, నెలల తరబడి పొయ్యి మీది అటకపై ఆరింది మరి.

కొండపల్లి అడవిలో ఎండుటాకు మోత దాచుకోవడం నా వల్ల కావడం లేదు. తాత అడుగు వినబడదు. తునికి, బిల్లుడు చెట్ల మధ్య ఓ చెట్టు దగ్గర ఆగి బెరడు తట్టాడు. తెల్లపొణికి. కొండపల్లి బొమ్మల కర్ర.

"దీంతో విల్లు చేస్తే?"

"చేస్తారుగా, రాముడి బొమ్మ చేతికి!"

ఇంకాస్త పైన నేలంతా దున్నేసినట్టుంది. అడవిపంది పని, మట్టింకా తడిగానే ఉంది. కిరాతుడి వేషంలో వచ్చిన శివుడితో అర్జునుడికి తగువొచ్చింది పంది మీదే కదా, ఎవరి బాణం తగిలిందని! అర్జునుడి తపస్సు మన ఇంద్రకీలాద్రి మీదే జరిగిందని బెజవాడ నమ్మకం. బెజవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 3 స్వర్ణాలు కొట్టింది కాంపౌండ్ విల్లుతో. కప్పీలు, తీగలు ఉన్న ఆ యంత్రాన్ని ఈ పొదల్లోంచి మోసుకొస్తే ఎన్ని కొమ్మలకు క్షమాపణ చెప్పాలో!

గట్టు మీద చెట్లు పలచబడ్డాయి. కింద ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, అవతల కృష్ణ.

తిరిగొచ్చేసరికి ఎండ ముదిరింది. తోట పక్క గడ్డివామికి ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి తాత అంబు చేతికిచ్చాడు. తాడు చెంపదాకా లాగి వదిలాను. వామి మీదుగా పోయి కందిచేలో పడింది.

"ముందు అది వెతికి పట్రా. రెండోది తర్వాత," అన్నాడు పాక నీడలో చతికిలబడుతూ.