ఉప్పుగాలి, ఫ్లోరు రేకు

పులికాటు సరస్సుకు ఉత్తరపు అంచున, 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండి ఆపైన తిరుపతి జిల్లాలో చేరిన చిట్టమూరు వంటి తీర మండలాల్లో, పాత కారు ఆయుర్దాయాన్ని ఇంజనుకన్నా ముందు అడుగు రేకే నిర్ణయిస్తుంది. గాలి మోసుకొచ్చే ఉప్పులోని సోడియం క్లోరైడు, తేమ సుమారు 75 శాతం దాటగానే నీరు పీల్చి కరుగుతుంది. దానితో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు అందులో సగమైనా అక్కరలేదు. అందువల్ల వాన లేని నెలల్లోనూ రేకుమీద ఉప్పునీటి పొర నిలుస్తుంది. పైన రబ్బరు మ్యాటు, దాని కింద తడి పీల్చే గోనెనార పరుపు ఉంటే తుప్పు లోపలినుంచి మొదలవుతుంది గనుక, కాలు కిందికి దిగేదాకా యజమానికి తెలియదు.

మెకానిక్కులు ఫ్లోరు అని పిలిచే ఈ రేకు అన్ని కార్లలోనూ ఒకే పాత్ర వహించదు. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డుకు విడిగా ఛాసిస్, అనగా బరువంతా మోసే ఇనుప చట్రం, ఉండేది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనాగా 1957లో మొదలై 2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడరుకు అటువంటి చట్రం లేదు; 1922లో ఇటలీలో లాన్సియా లాంబ్డా కారు చూపిన దారిలో, బాడీయే చట్రంగా పనిచేసే నిర్మాణం దానిది. అక్కడ ఫ్లోరు పోతే తలుపులు సరిగా పడవు, బండి నడుము జారుతుంది.

స్వాతంత్ర్యానంతరం దిగుమతులు బిగుసుకుపోయి, 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా కొత్త కారుకోసం ఏళ్లకొద్దీ వేచి ఉండవలసి రావడంతో, ఉన్న బండికే మళ్లీ మళ్లీ అడుగు వేయించుకోవడం సహజమైంది. నేడు ‘రెస్టొరేషన్’ అనే ముచ్చటైన పేరుతో సాగుతున్నది చాలావరకు ఆనాటి టింకరింగు పనే. ఇంగ్లండులో కుండలకు మాట్లు వేసేవాడి పేరు ఇక్కడ కారు రేకులు సాగగొట్టే పనివాడికి దక్కడం మాత్రం వింతే.

పనిలో తెలివంతా కోతకు ముందే కనిపిస్తుంది. సీట్లు తీసి, స్క్రూడ్రైవరు మొనతో పొడిచి గట్టి రేకు ఎక్కడ మొదలవుతుందో గుర్తు పెట్టుకున్నాక, తలుపు సందులకు అడ్డంగా యాంగిల్ ఇనుము వెల్డు చేస్తారు. లేకుంటే కోసిన క్షణాన బాడీ కుంగి, మళ్లీ ఆ కొలత దొరకదు. అట్టమీద ఆకారం గీసి, దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం గల 18 గేజి రేకును కత్తిరించి, బలంకోసం చెక్కదిమ్మెమీద సుత్తితో గాడులు తీస్తారు. గ్యాసు మంట పల్చని రేకును వంకరలు తిప్పుతుంది కాబట్టి వరసగా అతకక, దూరదూరంగా చుక్కలు పెట్టుకుంటూ ఎదురుమూలకు మారుతూ, తడిగుడ్డతో వేడి దించుతూ అంచులు కలుపుతారు. పైన రెడ్ ఆక్సైడు, అడుగున తారు పూత. తుప్పుమీదే కొత్త రేకు పరిచి పుట్టీతో కప్పే చవక పద్ధతీ ఉన్నది, కాని రెండు రేకుల మధ్య చిక్కిన ఉప్పు పాత రేకుతో ఆగక కొత్తదాన్నీ తినేస్తుంది.

2021 జూలైలో కేంద్రం సవరించిన మోటారు వాహన నిబంధనలు 50 ఏళ్లు దాటిన వాహనాన్ని ‘వింటేజ్’గా గుర్తించి, సంఖ్యలో వీఏ అక్షరాలు చేర్చి, కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయల రుసుము పెట్టాయి, అయితే ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో మార్పు జరగకుండా బండి అసలు రూపంలోనే ఉండాలని షరతు విధించాయి. బాడీలో విడదీయరాని భాగమైన ఫ్లోరును పాత కొలతకే తిరిగి వేస్తే అది మార్పు కాదు, మరమ్మతే అనడం న్యాయం. చట్రంలేని అంబాసిడరు ఈ తీరాన యాభయ్యేళ్లు నిలవాలంటే కనీసం ఒక్కసారైనా దాని అడుగు మారి ఉండాలి.