బస్తరు సంతలో గవ్వ, రూపాయి, నోటు

బస్తరులోని దండామి మరియాలు పండుగల వేళ నృత్యానికి ధరించే కొమ్ముల శిరోభూషణంలో గవ్వల పేట్లు ప్రత్యేకంగా కనిపిస్తాయి. అడవిదున్న కొమ్ముల కింద అవి నర్తకుని ముఖాన్ని చాలావరకు కప్పుతూ వేలాడుతుంటాయి. నేడు ఆ గవ్వలు కేవలం అలంకారం. పందొమ్మిదవ శతాబ్దంలో అవే అక్కడి ప్రజల చేతిలోని ధనం. ఎగువ గోదావరి జిల్లా డిప్యూటీ కమిషనరుగా ఉన్న గ్లాస్‌ఫర్డ్ 1862లో బస్తరు సంస్థానంపై నివేదిక సమర్పించాడు. ఆ కాలపు లెక్క ప్రకారం ఇరవై గవ్వలు ఒక బోరి, పన్నెండు బోరీలు ఒక దుగాని, పన్నెండు దుగానీలు ఒక రూపాయి. అంటే రూపాయికి 2880 గవ్వలు.

ఈ గవ్వపై ఏ రాజు ముద్రా లేదు. మాల్దీవుల సముద్ర జలాల్లో పుట్టి, వంగ, కళింగ తీరాల రేవుల్లో దిగి, వర్తకుల ఎద్దుల మీద అది అడవి సంతలకు చేరేది. దానికి నకలు తయారుచేయడం సాధ్యం కాదు. అరిగినా దాని విలువ తగ్గదు. ఉప్పు, పొగాకు వంటి చిన్న కొనుగోళ్లకు వెండి నాణెం కంటే గవ్వే అనువైనది.

బస్తరు ప్రజలకు రాజముద్ర గల నాణేలు తెలియవని దీని అర్థం కాదు. కొండగావ్ ప్రాంతంలోని ఎడెంగా గ్రామంలో 1939లో 32 బంగారు నాణేలు దొరికాయి. అవి నల వంశపు రాజులైన వరాహరాజు, భవదత్తుడు, అర్థపతి పేర్లతో వెలువడినవి. తరువాతి కాలంలో చక్రకోటను ఏలిన ఛిందక నాగుల నాడు ఈ సీమకు తెలుగు దేశంతో సంబంధం బలపడింది. బార్సూరులో లభించిన శక సంవత్సరం 983 నాటి తెలుగు శాసనం ఇందుకు నిదర్శనం. అయితే బంగారు నాణెం కోటలకు, దానధర్మాలకు, పెద్ద వర్తకానికి చెందినది. సంతలో కుంచెడు ధాన్యం అమ్ముకునేవానికి దానితో పని ఉండదు.

బస్తరు రాజవంశ మూలపురుషునిగా సంప్రదాయం చెప్పే అన్నమదేవుడు కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు. ఓరుగల్లు పతనానంతరం ఆయన గోదావరి దాటి వచ్చాడని ప్రతీతి. 1323లో ఓరుగల్లును జయించిన ఉలుగ్ ఖానే తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ సింహాసనం ఎక్కాడు. ప్రభుత్వ నాణెంపై ప్రజావిశ్వాసం గురించి చెప్పుకొనే కథలన్నింటిలోనూ ప్రసిద్ధమైనది ఈయనదే. 1329-30లో ఆయన రాగి, ఇత్తడి బిళ్లలను వెండి టంకాలతో సమానంగా చెలామణి చేయించాడు. సుల్తానుకు విధేయుడైనవాడు దైవానికి విధేయుడని వాటిపై చెక్కించాడు. ఆ ఆజ్ఞ ఫలించలేదు. ఇంటింటా ముద్రణశాల వెలసిందని సమకాలీన చరిత్రకారుడు బరనీ వాపోయాడు. ప్రజలు పన్నులను ఇత్తడితో చెల్లించి, వెండిని దాచుకున్నారు. చివరకు సుల్తాను ఆ బిళ్లలను వెనక్కి తీసుకొని, ఖజానా నుంచి వెండి బంగారాలు ఇప్పించవలసి వచ్చింది. ఈ వైఫల్యాన్ని చరిత్ర పరిహాసంగా చెబుతుంది. కాని ఇచ్చిన మాటకు కట్టుబడి, నష్టాన్ని ప్రజలపై వేయక ఖజానాయే భరించిందన్న విషయం కూడా గమనార్హం.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ బస్తరుకు పొరుగునే ఉన్న ఒడిశాలో కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీ 1803లో ఆ ప్రాంతాన్ని స్వాధీనపరచుకొంది. అంతవరకు శిస్తు గవ్వల్లో చెల్లేది. కహాణం అంటే 1280 గవ్వలు. కంపెనీ శిస్తును వెండి రూపాయల్లోనే చెల్లించాలని పట్టుబట్టింది. రైతు చేతిలో ఉన్నవి గవ్వలు, కచేరీ అడిగేది వెండి. నాలుగు కహాణాల రూపాయి ఆరేడు కహాణాలు పలికింది. శిస్తు అంకె పెరగకపోయినా రైతుపై భారం మాత్రం సగానికి పైగా పెరిగింది. మధ్యలో షరాబులు లాభపడ్డారు. 1817లో బక్షీ జగబంధు నాయకత్వాన ఖుర్దాలో పైకాలు తిరుగుబాటు చేసినప్పుడు, దాని కారణాలను విచారించిన వాల్టర్ ఈవర్ పేర్కొన్న వాటిలో ఈ గవ్వల విలువ పతనం కూడా ఉంది. గవ్వను ఎవరూ నిషేధించలేదు. ప్రభుత్వం దానిని పుచ్చుకోవడం మానివేసింది, అంతే.

బస్తరులో ఈ మార్పు నెమ్మదిగా వచ్చింది. నాగపూరు భోంస్లేలకు, తరువాత బ్రిటిషు వారికి చెల్లించవలసిన కప్పం రూపాయల్లో ఉండేది. సంస్థానపు లెక్కలు క్రమంగా రూపాయల్లోకి మారాయి, సంతలో గవ్వ వెనుకబడింది. అయితే రూపాయి వచ్చినంత మాత్రాన ఆదివాసికి న్యాయం జరగలేదు. బయటి వర్తకులు ఉప్పుకు సరితూకంగా సారపప్పు తీసుకుపోయిన రోజులు బస్తరులో ఇంకా మరపున పడలేదు. ధర తెలియనివాని చేతిలో ఏ నాణెమైనా అసలు విలువ చేయదు.

ఈ చరిత్ర ఇటీవలి అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది. 2016 నవంబరు 8న రద్దయిన అయిదువందలు, వెయ్యి రూపాయల నోట్లు చెలామణిలో ఉన్న నగదు విలువలో సుమారు 86 శాతం. వాటిలో 99 శాతానికి పైగా బ్యాంకులకు తిరిగి వచ్చినట్లు రిజర్వు బ్యాంకు 2018లో ప్రకటించింది. నగరవాసికి ఆ వారాలు వరుసల్లో నిలబడిన జ్ఞాపకం. బస్తరు లోతట్టు గ్రామవాసికి బ్యాంకు శాఖ అంటే వాగులు, అడవులు దాటి చేరవలసిన చోటు. కౌంటర్ల వద్ద పాత నోట్ల మార్పిడి నవంబరు 24తోనే ముగిసింది. ఆ గడువును ఢిల్లీ నుంచి ఒక విధంగా, అబూఝ్‌మాడ్ కొండల నుంచి మరొక విధంగా లెక్కించవలసి ఉంటుంది. తునికాకు సేకరణ కూలిని బ్యాంకు ఖాతాల్లో జమచేసే పద్ధతి వచ్చాక కూడా మారుమూల ప్రాంతాల సేకర్తలు చేతికి నగదే కావాలని కోరడంలోని అంతరార్థం ఇదే. అది అజ్ఞానమని కొట్టివేయడం పొరపాటు. తన కష్టఫలం తన సంతలో, తాను నడిచి వెళ్లగల దూరంలో చెల్లాలన్నది వారి కోరిక.

నాణెంపై విశ్వాసం ముద్రలోనో కాగితంలోనో లేదని ఈ ఉదంతాలు తెలుపుతున్నాయి. ప్రభుత్వం తాను ఇచ్చినదానిని అదే విలువకు, ప్రజలకు అందుబాటులో తిరిగి పుచ్చుకుంటుందా అన్నదే ప్రశ్న. పాలనలో ఉన్నవారు ద్రవ్య సంస్కరణను తలపెట్టినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న కూడా ఇదే. సంస్కరణ ఫలితాలు రాజధానిలో లెక్కకు వస్తాయి. దాని ఖర్చును మాత్రం ఎక్కువగా సంతకు వచ్చిన మనిషి భరిస్తాడు.

విలువలేనిదానిని మనం చిల్లిగవ్వ అంటాం. మరియా నర్తకుని శిరోభూషణంలోని గవ్వలన్నీ దారానికి గుచ్చినవే, అంటే చిల్లిగవ్వలే. ఒకప్పుడు వాటి సోదర గవ్వలు 2880 కలిస్తే రూపాయి. ఖజానా లెక్కలోంచి జారిపోయిన ఆ ధనాన్ని బస్తరు పారవేయలేదు, తలపై ధరించింది.