నెల్లూరు - చెన్నై ప్రయాణ దూరం

నెల్లూరు, చెన్నై నగరాల మధ్య వాయుదూరం, అనగా పటంపై సరళరేఖలో కొలిచిన దూరం, సుమారు 153 కి.మీ. రైలు మార్గం 176 కి.మీ., రోడ్డు మార్గం సుమారు 175 కి.మీ. ఉంటాయి. ఈ వ్యత్యాసానికి ప్రధాన కారణం నెల్లూరు తీరపు భౌగోళిక స్వరూపం.

భౌగోళిక కారణం

రెండు నగరాలను కలిపే సరళరేఖ పులికాట్ సరస్సు మీదుగా పోతుంది. ఒడిషాలోని చిలికా తరువాత భారతదేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. దీనికి, బంగాళాఖాతానికి మధ్య శ్రీహరికోట ఉన్నది. అందువలన రోడ్డు, రైలు మార్గాలు రెండూ పడమరకు వంగి గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి మీదుగా సాగుతాయి.

రోడ్డు, రైలు మార్గాలు

కోల్‌కతా - చెన్నై జాతీయ రహదారికి పూర్వం 5వ సంఖ్య ఉండేది. 2010లో చేసిన మార్పుతో అది 16వ జాతీయ రహదారి అయినది. రోడ్డు ప్రయాణానికి సాధారణంగా 3 నుండి 4 గంటలు పడుతుంది. విజయవాడ - మద్రాసు రైలు మార్గం 1899లో పూర్తయినది. వేగంగా నడిచే రైళ్ళకు నెల్లూరు నుండి చెన్నైకి దాదాపు రెండున్నర గంటలు పడుతుంది, అనగా సగటు వేగం గంటకు 70 కి.మీ. రైలు గూడూరు నుండి రేణిగుంట మీదుగా వెళ్ళినచో దూరం ఇంకా దాదాపు 80 కి.మీ. పెరుగుతుంది. 2023 సెప్టెంబరు 24న ప్రారంభమైన విజయవాడ - చెన్నై వందే భారత్ ఎక్స్‌ప్రెస్‌కు ఈ చుట్టుమార్గాన్నే నిర్ణయించారు. ఈశాన్య ఋతుపవనాల కాలంలో వాయుగుండాలు, వరదల వలన ఈ ప్రయాణ సమయాలు తారుమారు కావచ్చును.

జలమార్గం

రైలు రాకముందు తీరం వెంబడి సరకు రవాణాకు బకింగ్‌హాం కాలువ ముఖ్యమైన మార్గం. 1806లో మద్రాసు వద్ద మొదలైన ఈ కాలువను అంచెలంచెలుగా ఉత్తరానికి పొడిగించారు. 1876-78 నాటి మహా కరువులో దీని పనులు కూలీలకు ఉపాధిగా ఉపయోగపడ్డాయి. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు దీనికి పెట్టారు. ఉప్పు, ధాన్యం, వంటచెరకు పడవలలో మద్రాసుకు చేరేవి. తుఫానుల వలన, పూడిక వలన 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఈ రవాణా క్షీణించినది.

విమాన ప్రయాణ సమయం

నెల్లూరులో ప్రయాణికుల విమానాశ్రయం లేదు. ఇక్కడివారు చెన్నై లేదా తిరుపతి (రేణిగుంట) విమానాశ్రయాలకు వెళ్ళవలసి ఉంటుంది. గంటకు 800 కి.మీ. వేగంతో లెక్కించినచో 153 కి.మీ. దూరానికి 12 నిమిషాలు చాలు. అయితే ఈ లెక్కలో రన్‌వే వరకు నడిచే సమయం, ఎత్తుకు చేరుటకు, దిగుటకు పట్టే సమయం చేరవు. ఉదాహరణకు కౌలాలంపూర్ - సింగపూర్ నగరాల మధ్య వాయుదూరం సుమారు 300 కి.మీ. పై లెక్క ప్రకారం 23 నిమిషాలు పట్టాలి, కాని విమానాల కాలపట్టికలో సుమారు ఒక గంట చూపుతారు. విమానాశ్రయానికి ముందుగా చేరుట, తనిఖీలు దీనికి అదనం. కనుక ఇంత తక్కువ దూరానికి రైలు ప్రయాణమే త్వరగా ముగుస్తుంది.

ప్రాధాన్యత

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు నెల్లూరు జిల్లాకు మద్రాసే రాజధాని. తరువాత కూడా వైద్యం, ఉన్నత విద్య, వ్యాపారాల కొరకు జిల్లా ప్రజలు చెన్నైకి వెళ్ళడం కొనసాగుతున్నది. నెల్లూరు నుండి విజయవాడ, హైదరాబాదు నగరాల కంటే చెన్నై దగ్గర కావడమే దీనికి ఒక ముఖ్య కారణం.