బ్రాడ్ వీధి బీరు, 1854 నాటి కలరా

లండన్ నగరంలోని సోహో పేట పబ్బులలో నేటికీ ‘రియల్ ఏల్’ను వెదికి త్రాగేవారున్నారు. పీపాలోనే ఈస్టు సజీవంగా నిలిచి రెండవమారు పులిసే బీరు అది. వెలుపలి నుండి కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కించరు. దాని రక్షణకై 1971లో ‘కామ్రా’ అనే ఉద్యమమే పుట్టింది. వైద్యునికి మాత్రం ఆ పేట బీరు వేరొక చరిత్రను జ్ఞప్తికి తెస్తుంది.

1854 ఆగస్టు చివర అక్కడి బ్రాడ్ వీధిలో కలరా విజృంభించి ఆరువందల మందికి పైగా బలిగొన్నది. వీధిపంపు నీటినే శంకించిన డాక్టర్ జాన్ స్నో, ఆ పంపునకు చేరువనే ఉన్న బీరు కర్మాగారంలో డెబ్బది మందికి పైబడిన పనివారిలో ఒక్కరూ మరణించలేదని గమనించాడు. యజమాని హగ్గిన్స్‌ను విచారించగా, వారికి బీరు కేటాయింపు ఉన్నదనీ, కర్మాగారానికి సొంత లోతుబావి ఉన్నదనీ, వీధిపంపు నీటిని వారెన్నడూ తెచ్చుకోరనీ తెలిసింది.

అంటే కాపాడినది మద్యమా? కాదు. బీరు తయారీలో మాల్టు రసాన్ని మరిగిస్తారు. ఆ వేడికి కలరా క్రిమి బ్రతకదు. అన్నింటికీ మించి, కలుషిత జలం వారి కడుపులోనికి పోలేదు. చుట్టుప్రక్కల మద్యశాలలలో ఘాటు మద్యంలో కలిపినది ఆ పంపు నీటినే అని స్నో స్వయంగా వ్రాశాడు. బీరు రక్షించిందనే వారు ఈ వాక్యాన్ని సాధారణంగా విడిచిపెడతారు!

సెప్టెంబరు 8న పంపు పిడిని తొలగించారు. అప్పటికే వ్యాధి తగ్గుముఖం పట్టిన సంగతిని స్నో దాచలేదు. జీవితంలో అధికభాగం మద్యం ముట్టని ఆయన పేరే నేడు బ్రాడ్‌విక్ వీధిగా మారిన ఆ వీధిలోని పబ్బునకు ఉన్నది.