అడవిలో తివాసీ

షామియానా అనగానే మనకి పెళ్లి గుర్తొస్తుంది. డేరా అంటే సర్కసు. కనాతు అంటే, పెళ్లింట్లో గాడిపొయ్యి కనిపించకుండా వంటవాళ్లు అడ్డంగా కట్టించే గుడ్డ. ఈ మాటలన్నీ ఉర్దూ దారిన మన ఇళ్లలోకి వచ్చి, మన పందిళ్లలో స్థిరపడిపోయాయి. ఒకప్పుడు ఇవి పాదుషాల ప్రయాణపు సామాన్లు.

ఈ రోజుల్లో సెలవులు దగ్గరపడితే చాలు, అడవిలో డేరా బస అంటూ రంగురంగుల ప్రకటనలు కనిపిస్తున్నాయి. డేరా అంటే నేలమీద చాప పరుచుకునే డేరా అనుకునేరు! నాలుగు దిండ్ల పందిరిమంచం, వేణ్ణీళ్ల స్నానాలగది, వెండిపళ్లెంలో కాఫీ, కిటికీ తెర తొలగిస్తే ఎదురుగా కీకారణ్యం. దీనికి గ్లాంపింగ్ అని ముద్దుపేరు కూడా పెట్టారు. పేరు కొత్తదేగాని సంబరం చాలా పాతది.

మనం తిరుపతి వెళ్లాలంటే ఒకప్పుడు హోల్డాలు, మరచెంబు, పులిహోర డబ్బా ఉండాల్సిందే. ఆ మాత్రానికే మగవాళ్లు "ఇల్లంతా మోసుకొస్తున్నావా?" అని విసుక్కునేవాళ్లు. అక్బరు పాదుషా నిజంగానే ఇల్లంతా మోసుకెళ్లేవాడు. ఒక్క విడిది సామాను కదలాలంటే నూరు ఏనుగులు, అయిదు వందల ఒంటెలు, నాలుగు వందల బళ్లు కావాలని అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో లెక్క రాసిపెట్టాడు. డేరాలు వేసి తివాసీలు పరిచే ఫరాషులు వెయ్యిమంది, నీళ్లు మోసేవాళ్లు నూరుమంది, ఊడ్చేవాళ్లు నూటయాభైమంది. ఊడ్చేవాళ్లని కూడా లెక్కలో రాసినందుకు అబుల్ ఫజల్‌ని మెచ్చుకోవాలి. తర్వాతి వాళ్లు చాలామంది ఆ పద్దు ఎగరగొట్టేశారు.

పాదుషాలు పోయారు, దొరలొచ్చారు. డేరాలు మాత్రం అవే. 1837లో గవర్నర్ జనరల్ ఆక్లండ్ ప్రభువు కలకత్తా నించి పైప్రాంతాలకి బయల్దేరాడు. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఇద్దరు చెల్లెళ్లు, ఎమిలీ, ఫానీ, ఆయన ఇల్లు చక్కబెట్టేవాళ్లు. వాళ్ల వెంట పన్నెండు వేలమంది మనుషులు, ఎనిమిది వందల యాభై ఒంటెలు, నూటనలభై ఏనుగులు. ఎమిలీ ఈడెన్ ఇంటికి రాసిన ఉత్తరాలు తర్వాత 1866లో పుస్తకంగా వచ్చాయి. ఆవిడ గొప్పతనమేమిటంటే, ఇంత వైభవం మధ్య కూర్చుని కూడా తనకేమీ బాగాలేదని దాచకుండా రాసేసింది. తన డేరాకి కష్టాల కొంప అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. అన్నగారి డేరాకీ అలాంటి వెక్కిరింత పేరే పెట్టారు. అన్నగారంటే ఆ రోజుల్లో దాదాపు హిందూదేశానికి యజమాని!

ఆ ప్రయాణంలోనే వాళ్లు కాన్పూరు చేరేసరికి చుట్టూ ఘోరమైన కరువు. ఎముకలగూళ్లలాంటి మనుషులు విడిది దగ్గరకొచ్చి నిలబడ్డారు. గుర్రాలశాల దగ్గర చావుకి సిద్ధంగా ఉన్న ఒక పసిబిడ్డని ఎమిలీ చూసింది. తల్లీబిడ్డల్ని పిలిపించి, ఆ బిడ్డకి పాలు తాగించే ఏర్పాటు చేసింది. తివాసీ అంచు ఎక్కడ ముగుస్తుందో ఆవిడ చూసింది. చూసి, ఉత్తరంలో రాసింది. తర్వాత డేరాలు ఎత్తారు. పన్నెండు వేలమందీ ముందుకి సాగారు.

ఇదంతా రాజబాటల మీది సంగతి. ఇదే వైభవం అడవిలోపలికి కూడా వెళ్లింది. అందుకు కారణం వేట. మన దగ్గరా జరిగింది. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు నిజాము అతిథిగా వచ్చి, వరంగల్లు దగ్గర నెక్కొండ అడవిలో పులిని కొట్టాడు. ఇప్పటికీ వరంగల్లు నించి బెజవాడ వైపు రైల్లో వస్తుంటే నెక్కొండ స్టేషను తగుల్తుంది. ఆనాటి ఫోటో రాజా దీన్‌దయాళ్ వాళ్లది చాలా ప్రసిద్ధం. దొరగారు, కాళ్లదగ్గర పులి, పక్కన దొరసాని మేరీ కర్జన్. ఈ మేరీయే రెండేళ్ల తర్వాత, 1904లో, అస్సాంలోని కాజిరంగా వెళ్లిందనీ, ఖడ్గమృగం ఒక్కటైనా కనబడక దాని అడుగుజాడలు మాత్రం చూసి వచ్చి, ఆ జంతువుల్ని కాపాడమని భర్తని పట్టుబట్టిందనీ చెబుతారు. ఏది ఏమైనా 1905లో అక్కడ రక్షితారణ్యం ఏర్పాటు మొదలైంది.

అడవిలో డేరా భోగం ఎలా పుట్టి ఎలా మారిందో ఒకేచోట చూడాలంటే మాత్రం నేపాలులోని చిత్వన్‌కి వెళ్లాలి. బీహారులోని చంపారన్‌ని ఆనుకుని ఉంటుంది. సాలగ్రామాలు దొరికే మన గండకీ నదే అక్కడ నారాయణి. దానికి తోడు రాప్తీ నది. మనిషిని ముంచేసేంత ఎత్తు గడ్డి, సాలవృక్షాలు, చిత్తడినేలలు. పులులకీ ఖడ్గమృగాలకీ పుట్టిల్లు, దోమలకి అంతకన్నా పుట్టిల్లు. చలికాలం దాటితే మలేరియా. కొండమీదివాళ్లెవరూ అక్కడ ఒక్క రాత్రి నిద్రచెయ్యడానికి కూడా సాహసించేవాళ్లు కాదు. థారూ జనం మాత్రం తరతరాలుగా అక్కడే ఉన్నారు. వాళ్ల రక్తంలోనే మలేరియాని తట్టుకునే గుణం కొంత ఉందని తర్వాత శాస్త్రజ్ఞులు తేల్చారు.

1846 నించి 1951 దాకా నేపాలుని ఏలిన రాణా ప్రధానమంత్రులు ఈ అడవిని తమ వేటకోసం, తమ అతిథుల వేటకోసం అట్టేపెట్టుకున్నారు. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు ముగించుకుని అయిదో జార్జి చక్రవర్తి ఇక్కడికే వచ్చాడు. మేరీ మహారాణి రాలేదు. ఆవిడ ఆగ్రా, రాజపుటానా చూడ్డానికి వెళ్లింది. ఆవిడే తెలివైంది అంటాను నేను. పదిరోజుల్లో చక్రవర్తి బృందం ముప్ఫైతొమ్మిది పులుల్ని, పద్దెనిమిది ఖడ్గమృగాల్ని, నాలుగు ఎలుగుబంట్లని చంపింది. అందుకోసం ప్రధానమంత్రి చంద్ర షంషేర్ సమకూర్చిన ఏనుగులు ఆరు వందలకు పైగా.

ఆ వేట పద్ధతి తెలుసుకోదగ్గది. ముందు దున్నపోతు దూడని ఎరగా కట్టేస్తారు. పులి దాన్ని చంపి, కడుపునిండా తిని, దగ్గర్లోనే పొదలో పడుకుంటుంది. అప్పుడు ఏనుగులు చుట్టూ వలయంగా మూసుకొస్తాయి. ఖాళీ ఉన్నచోట పొడుగాటి తెల్లగుడ్డ కట్టేవాళ్లు. ఒక్క దూకుతో చింపుకుపోగలిగిన పులి, ఎందుకో, ఆ గుడ్డని దాటదు. గోడ అనుకుంటుంది కాబోలు. అంటే అడవిలో ఆ రోజుల్లో రెండు గుడ్డగోడలు లేచేవన్నమాట. ఒకటి పులి బయటికి పోకుండా, ఇంకొకటి అడవి రాజుగారి పక్కదాకా రాకుండా.

మరి ఈ ఏర్పాట్లన్నీ చేసిందెవరు? గడ్డి తగలబెట్టి దారి చేసినవాళ్లు, దారులు వేసినవాళ్లు, ఏనుగులకి మేత కోసి తెచ్చినవాళ్లు థారూలు. కూలి లేదు. ఝారా అనేవాళ్లు దాన్ని. మన తెలంగాణాలో వెట్టి అంటే ఏమిటో తెలిసినవాళ్లకి వేరే వివరించక్కర్లేదు. ఒక్కొక్క ఏనుగుకి ముగ్గురు మనుషులు కావాలి. మావటీ, అతనికి పైన పఛువా, ఆ పైన ఫనిత్. గడ్డిలో వడ్లు, బెల్లం చుట్టి కుచీ అనే ముద్దలు చేసి ఏనుగు నోటికి అందిస్తారు. పండగనాడు మనం ఉండలు చేసినట్టే, కాకపోతే ఏనుగు మోతాదు. ఈ విద్య ఇప్పటికీ థారూ కుటుంబాల్లోనే ఎక్కువ.

1950లలో అమెరికా సాయంతో డీడీటీ చల్లి మలేరియాని అదుపుచేశారు. దోమ పోగానే కొండమీద నించి జనం దిగారు. అడవి కొట్టి పొలాలు వేశారు. ఎనిమిది వందలదాకా ఉండే ఖడ్గమృగాలు 1960ల చివరికి నూరుకి పడిపోయాయి. అంతకాలం అడవిని కాపాడింది దోమేనని అప్పుడు తెలిసింది.

అలాంటి రోజుల్లో, 1961లో, ఎలిజబెత్ రాణి, భర్త ఫిలిప్ చిత్వన్‌లోని మేఘౌలీకి వచ్చారు. ఆతిథ్యం మహేంద్ర మహారాజుది. మళ్లీ డేరాల నగరం, మళ్లీ మూడు వందల పైచిలుకు ఏనుగులు, మళ్లీ తెల్లగుడ్డ. అయితే అంతకుముందే జనవరిలో రాజస్థానంలో ఫిలిప్ పులిని కొట్టినందుకు లోకమంతా నానామాటలు అంది. మేఘౌలీకి వచ్చేసరికి ఆయనగారి తుపాకీ నొక్కే వేలికి కట్టు ఉంది. గోరుచుట్టుట! వేలికి నిజంగా నొప్పో, మర్యాదకోసం నొప్పో ఆ వేలికే తెలియాలి. విదేశాంగ మంత్రి హోమ్ ప్రభువు కాల్చి గురి తప్పాడు. చివరికి రాణిగారి పరివారంలోవాళ్లు పులిని పడగొట్టారు. ఆ ఏడే ప్రపంచ వన్యప్రాణి నిధి పుట్టింది, దాని బ్రిటిషు శాఖకి తొలి అధ్యక్షుడు ఫిలిప్పే. ఒకే సంవత్సరంలో రెండూ చేసిన మనిషిని చూస్తే, కాలం మారే ఘడియ ఎలా ఉంటుందో తెలుస్తుంది.

1964 ప్రాంతంలో ఖడ్గమృగాల కోసం చిత్వన్ నించి ఇరవైరెండు వేలమందిని ఖాళీ చేయించారు. కొత్తగా వచ్చినవాళ్లతోపాటు పాతవాళ్లూ లేచిపోవాల్సి వచ్చింది. ఆ మరుసటేడు, 1965లో, అదే అడవిలో కొయ్యస్తంభాల మీద, గడ్డికప్పుతో టైగర్ టాప్స్ అనే విలాసపు విడిది తెరిచారు. 1973లో చిత్వన్ నేపాలు మొదటి జాతీయవనం అయింది. ఊళ్లు బయటికెళ్లాయి, విడిది లోపల ఉండిపోయింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకు మాత్రం ముద్ద దిగదు.

విడిది నడిపినవాళ్లు వేటగాళ్లు కారు, ఆ మాట ఒప్పుకోవాలి. తుపాకీ పోయి కెమెరా వచ్చింది. పాత పద్ధతిలోనే ఎర కట్టేవాళ్లు. పులి వచ్చిందని కబురు రాగానే, భోంచేస్తున్న అతిథులు భోజనం వదిలి పరుగెత్తేవాళ్లు. మాటు దగ్గరకొచ్చాక చెప్పులు విప్పి, చప్పుడు చెయ్యకుండా, ఉత్తికాళ్లతో నడవాలి. డబ్బుపోసి వచ్చిన కోటీశ్వరులు గుడికెళ్లినట్టు చెప్పులు విప్పడం బాగుంది కదూ! శాస్త్రజ్ఞులూ వచ్చారు. 1973లో మొదలైన పులుల పరిశోధనలో, అదే ఏనుగులు, అదే తెల్లగుడ్డ వాడి పులిని చెట్టుకిందికి తోలుకొచ్చి, మత్తుసూది వేసి మెడకి రేడియో పట్టీ కట్టేవాళ్లు. రాజులకోసం నేర్చిన విద్య అలా పులికి మేలుచేసింది.

ఊరి ఆడవాళ్ల సంగతి చూద్దాం. ఇంటికప్పుకి గడ్డి కావాలి, పశువుకి మేత కావాలి, పొయ్యిలోకి పుల్ల కావాలి. అడవిలోకి అడుగుపెడితే నేరం. చివరికి 1970లలో ప్రభుత్వం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఏటా చలికాలంలో ఇరవై రోజులు, చీటీ తీసుకుని వెళ్లి గడ్డి కోసుకోవచ్చు. వేలవేలమంది కొడవళ్లు పట్టుకుని ఏరు దాటి వెళ్లేవాళ్లు. ఏడాది మొత్తానికి కప్పు అందులోనే చూసుకోవాలి. ఆ ఇరవై రోజులు కూడా తర్వాత తర్వాత తగ్గుతూ వచ్చాయి. లోపల విడిదిలో మాత్రం గడ్డికప్పు కింద అతిథులు సీజనంతా ఉండొచ్చు.

1990లలో చట్టం మారింది. వనం రాబడిలో ముప్ఫై నించి యాభై శాతం దాకా చుట్టుపక్కల ఊళ్లకి ఖర్చుపెట్టాలన్నారు. ఊరివాళ్లు సొంతంగా అడవులు పెంచుకున్నారు. వనం లోపల పెరిగిన ఏడు విడిదులూ 2012లో గడువు ముగిసి మూతపడ్డాయి. ఇప్పుడు బసలన్నీ సరిహద్దు బయటే. జంతువులు మాత్రం బాగా కోలుకున్నాయి. 2021 లెక్కలో చిత్వన్‌లో ఖడ్గమృగాలు 694, మరుసటేడు లెక్కలో పులులు 128. అవి పెరిగినకొద్దీ, మేతకనీ పుల్లలకనీ అడవి అంచుకి వెళ్లేవాళ్లకి గండమూ పెరిగింది. ఆ పనికి వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే.

అడవి అంచునే బరౌలీ అని ఒక థారూ గ్రామం ఉంది. అక్కడి ఆడవాళ్లు కలిసి అతిథుల కోసం కుటీరాలు కట్టి తామే నడుపుతున్నారు. గోడలు మట్టివి. సాయంత్రం అయితే పాటా, ఆటా. భోజనంలో వాళ్లకి చాలా ఇష్టమైనది ఘోంఘీ. అంటే నత్తల కూర. మనలాంటివాళ్లు వెళ్తే పప్పూ అన్నం అని ముందే చెప్పుకోవడం మంచిది.