మామ అంగట్లో వేరే తొట్టి

మా మామ అంగడి కొళత్తూరులో ఉంది. చెన్నైలో రంగుచేపలు కావాలంటే అందరూ వచ్చేది కొళత్తూరుకే, వీధి పొడుగునా చేపల అంగళ్ళే. మామ అంగట్లో వాకిలి దగ్గరే ఒక పెద్ద ఉప్పునీళ్ళ తొట్టి ఉంది. ఈ రోజు అందులో ఒక్క చేప కూడా లేదు. రాళ్ళున్నాయి, రెండు రొయ్యలున్నాయి, లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. చేపలు లేకపోవడానికి కారణం నేనే.

మామ ఊరికెళ్తూ, "కొత్త చేప వస్తుంది, మూడు వారాలు వెనక గదిలో వేరే తొట్టిలో ఉంచాల్రా, మరిచిపోవద్దు" అని చెప్పి వెళ్ళాడు. చేప వచ్చింది. చక్కగా ఈదుతోంది, ఒంటి మీద మచ్చ కూడా లేదు. ఇంత మంచి చేపని చీకటి గదిలో ఎందుకు పెట్టాలని నేను తీసుకెళ్ళి ముందు తొట్టిలో వదిలేశాను. వారం తిరిగేలోగా అన్ని చేపల మీదా పంచదార చల్లినట్టు తెల్లటి చుక్కలు వచ్చాయి. రాళ్ళకి ఒళ్ళు రాసుకున్నాయి, మొప్పలు గబగబా ఆడించాయి. కొత్తదాంతో కలిపి నాలుగు చేపలు చచ్చిపోయాయి. ఒక్క క్లౌన్ చేప మిగిలింది. మామ వచ్చి చూసి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మామ ఆ క్లౌన్‌ని వెనక తొట్టిలోకి మారుస్తుంటే అడిగాను, "ఈ వేరే తొట్టి పద్ధతి ఎవరు కనిపెట్టారు మామా?" అని. "నాకేం తెలుసురా, హిస్టరీ చదివేది నువ్వు కదా" అన్నాడు. ఈ వ్యాసం అట్లా మొదలైంది.

జబ్బు ఉన్నవాళ్ళనే కాదు, జబ్బు ఉందో లేదో తెలియనివాళ్ళని కూడా వేరుగా ఉంచాలనే చట్టం 1377లో రగూసా రేవులో వచ్చింది. ఇప్పుడు ఆ ఊరి పేరు డుబ్రోవ్‌నిక్. ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చినవాళ్ళు 30 రోజులు బయటే ఉండాలి. తర్వాత అది 40 రోజులైంది. వెనిస్ వాళ్ళ భాషలో నలభైకి ఉన్న మాట నుంచే క్వారంటైన్ అనే పేరు వచ్చింది. 1423లో వెనిస్ ఒక దీవి మీద ప్లేగు రోగుల కోసం ఆసుపత్రి కట్టింది. నలభై రోజులే ఎందుకని నాకు అనుమానం వచ్చింది. ప్లేగు ఎట్లా వస్తుందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. లెక్క చూసి పెట్టింది కాదు, నలభై అనే అంకె మీద వాళ్ళకున్న నమ్మకం కూడా అందులో ఉంది.

చేపలకి ఇంత మర్యాద దొరకడానికి చాలా కాలం పట్టింది. జనం చూడడానికి చేపల ఇల్లు లండన్ జూలో 1853లో తెరిచారు. మన మద్రాసులో 1909లో మెరీనా ఒడ్డున సముద్రపు చేపల అక్వేరియం తెరిచారు. మొదట్లో దాన్ని మ్యూజియం వాళ్ళు చూసుకునేవారు, తర్వాత చేపల శాఖకి ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అది మూతపడింది. మెరీనాకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కే లేదు, ఒక్కసారి కూడా ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు!

చేపల్ని ఒక్కచోట చేరిస్తే జబ్బులూ ఒక్కచోట చేరతాయి. సముద్రంలో ఒక చేప మీద ఒకటో రెండో పరాన్నజీవులుంటే ఏమీ కాదు. తొట్టిలో అట్లా కాదు. మంచినీళ్ళ చేపలకొచ్చే తెల్లచుక్కల జబ్బు క్రిమిని 1876లోనే ఫూకే వర్ణించాడు. ఉప్పునీళ్ళ జబ్బు గురించి జపాన్‌లో సికామా 1937లో రాశాడు. దానికి ఇప్పుడున్న పేరు, క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్, 1951లో బ్రౌన్ లండన్‌లో పెట్టింది. రెండు జబ్బులూ చూడడానికి ఒకటే, క్రిములు మాత్రం వేరు.

ఈ క్రిమి బతుకు తెలుసుకున్నాకే నా తప్పు ఎంత పెద్దదో తెలిసింది. అది చేప చర్మం కింద దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. తర్వాత చేపని వదిలి కింద పడి, రాయికో ఇసుకకో అంటుకుని చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటుంది. తిత్తి లోపల ముక్కలు ముక్కలుగా చీలి, ఒక్కదాని నుంచే రెండు వందల దాకా పిల్లక్రిములు బయటికొస్తాయి. వాటికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. అంటే చేప మీది చుక్కలు పోయినంత మాత్రాన జబ్బు నయమైనట్టు కాదు, క్రిమి నేల మీదికి దిగింది అంతే. ఆరో రోజు చుక్కలు తగ్గాయని నేను సంతోషపడి అమ్మకి ఫోన్ కూడా చేశాను. పదో రోజుకి చేపలు తేలాయి.

ఇక మందు. 1955లో శాన్ ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియంకి చెందిన డెంప్‌స్టర్, ఊడినియం అనే ఇంకో చేపల జబ్బుకి కాపర్ సల్ఫేట్ వాడడం గురించి రాశాడు. కాపర్ సల్ఫేట్ అంటే మైలుతుత్తమే. మా తాత తమలపాకు తోటకి సున్నంతో కలిపి కొట్టేవాడే, అదే నీలం ఉప్పు. తెల్లచుక్కల జబ్బుకీ అదే మందు అయింది. అయితే రాగి చర్మం కింద దాక్కున్న క్రిమినీ చంపదు, తిత్తిలో ఉన్నదాన్నీ చంపదు. నీళ్ళలో ఈదే పిల్లక్రిమినే చంపుతుంది. అందుకే రోజుల తరబడి నీళ్ళలో రాగి తగ్గకుండా చూడాలి. లీటరుకి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. తగ్గితే పనిచేయదు, పెరిగితే చేపే పోతుంది. రొయ్యలకీ పగడాలకీ ఆ కొంచెమే విషం. సున్నపు రాళ్ళేమో రాగిని పీల్చేసుకుంటాయి. అందుకే మందు ముందు తొట్టిలో పోయడానికి లేదు. మామ వెనక తొట్టిలో ఇసుక లేదు, రాళ్ళు లేవు. గాలి బుడగల స్పాంజి ఫిల్టరు, చేప దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు, అంతే. నేను దాన్ని ఇన్నాళ్ళూ జైలు అనుకున్నాను.

మందు లేని దారి కూడా ఉంది. ఇజ్రాయెల్‌లోని ఐలాత్‌లో కొలోర్ని 1987లో రాసింది అది. మూడు రోజులకొకసారి చేపని శుభ్రమైన తొట్టిలోకి మారుస్తూ పోవాలి. క్రిమి కింద పడి పిల్లలు పెట్టేలోపు చేప అక్కడ ఉండదు. వెనిస్ వాళ్ళ నలభైకీ ఈ మూడుకీ తేడా ఇక్కడే ఉంది. ఈ అంకె నమ్మకంతో వచ్చింది కాదు, క్రిమి బతుకుని లెక్కపెడితే వచ్చింది.

పోయినేడు రామేశ్వరం రైల్లో పోతుంటే "మండపం క్యాంప్" అనే స్టేషను వచ్చింది. క్యాంప్ ఏమిటని నైనాని అడిగాను. సిలోన్ తేయాకు తోటలకి పోయే కూలీలని ఓడ ఎక్కించేముందు అక్కడ ఆపి, జబ్బులున్నాయేమో చూసేవారట. నెత్తిన మూట, చంకన పిల్లతో వచ్చినవాళ్ళని ఎవరైనా వివరం చెప్పి ఆపారో లేదో! కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947లో మొదలై, కొచ్చికి మారేదాకా చాలా ఏళ్ళు ఆ మండపంలోనే ఉంది. ఇప్పటికీ దాని కేంద్రం ఒకటి అక్కడ ఉంది, క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించే పని కూడా అక్కడ జరిగింది. మనుషుల్ని ఆపిన ఊళ్ళోనే చేపల సంగతీ చదివారు.

తిత్తి నుంచి పిల్లక్రిములు 72 రోజుల తర్వాత కూడా వచ్చిన సందర్భం ఉంది. అందుకని ముందు తొట్టిలో 76 రోజులు చేప వేయకూడదన్నాడు మామ. చేపకి మందు అయిపోయింది, అది తింటోంది, చుక్కలు లేవు. ఆగాల్సింది చేప కోసం కాదు, దాని ఇంటి కోసం. ఇది రాసే రోజుకి 31 రోజులయ్యాయి. గోడ మీది క్యాలెండరులో రోజూ నేనే గీత పెడుతున్నాను. నిన్న ఒకాయన వచ్చి ఖాళీ తొట్టి చూసి, "ఏమన్నా, చేపలన్నీ అమ్ముడుపోయాయా?" అని అడిగాడు. మామ నా వైపు చూసి, "ఇంకా 46 రోజులుంది సార్" అన్నాడు. మామ లెక్క తప్పు, అది మొన్నటి అంకె. నిన్నటికి 46 కాదు కదా అని గీతలు మళ్ళీ లెక్కపెట్టాను. మామే కరెక్టు.