మా తాత కందెన, మన నానో గొప్పలు

మొన్న ఓ వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చూశాను. మన పూర్వీకులు బండి ఇరుసులకి ఎప్పుడో నానో కార్బన్ వాడారట, తెల్లవాళ్ళు ఇప్పుడు కనిపెట్టారట! కింద వరసగా చప్పట్లు. నాకు మాత్రం చేతులు రాలేదు. ఎందుకంటే ఆ కందెన చేతికి పూసుకున్నవాణ్ణి నేను :)

మాది చేర్యాల. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. నా చిన్నప్పుడు తాత గడ్డి కాల్చి, ఆ మసిని నూరి ఆముదంలో కలిపేవాడు. "బండి అరుస్తుందిరా, జర కందెన పట్కరా" అనేవాడు. అది పెట్టకుండా కొమురెల్లి జాతరకి బయల్దేరితే చక్రం కీచుమంటూ ఊరంతా లేపేది.

సరే, మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ బాపతు కాబట్టి అసలు సంగతి చూద్దాం. కందెనలో పెద్దపని ఆముదానిది. చిక్కగా ఉండి ఇనుముని పట్టుకుని వదలదు. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ పెట్టిన క్యాస్ట్రాల్ అనే పేరు ఈ ఆముదం నుంచే వచ్చింది. మసి చేసేది ముఖ్యంగా ఆముదం కారిపోకుండా ముద్దగా నిలపడం.

కార్బన్ తనే జారుడు ఇవ్వాలంటే గ్రాఫైట్‌లోలా పేకముక్కల్లాంటి పొరలుండాలి. అమెరికాలో అచెసన్ 1896లో కృత్రిమ గ్రాఫైట్‌కి పేటెంటు తీసుకున్నాడు. కానీ నూనెలో వేస్తే అడుక్కి దిగిపోయేది. బంకమట్టిలో గడ్డి ఊరిన నీళ్ళు కలిపితే మట్టి రేణువులు విడిపోతాయని అంతకుముందే గమనించాడు. ఆ దారిలోనే 1906లో టానిన్‌తో గ్రాఫైట్‌ని విడగొట్టి, నూనెలో తేలేలా చేసి ఆయిల్‌డాగ్ పేరుతో అమ్మాడు. చూశారా, అక్కడా గడ్డే!

తర్వాత 1985లో ఫుల్లరీన్, 1991లో నానోట్యూబులు, 2004లో గ్రాఫీన్. బంతిలా ఉండే ఫుల్లరీన్ అణువులు బాల్ బేరింగుల్లా దొర్లుతాయని ఆశపడ్డారు, అంత తేలిగ్గా జరగలేదు. ఇప్పటికీ పెద్ద తలనొప్పి అచెసన్‌దే: రేణువులు ముద్దకట్టకుండా నూనెలో నిలవాలి. మసి కలిపితే చాలనుకుంటే పొరపాటు. డీజిల్ ఇంజన్ ఆయిల్లో చేరే మసి భాగాల్ని అరగదీస్తుంది. అయినా పరిశోధన ఆగదు. 2017లో హోమ్‌బెర్గ్, ఎర్డెమిర్ వేసిన అంచనా ప్రకారం ప్రపంచం వాడే శక్తిలో దాదాపు 20 శాతం రాపిడిని నెగ్గడానికే పోతోంది మరి.

అందుకే ఆ ఫార్వర్డ్ నాకు నచ్చలేదు. అది తాతని పొగిడినట్టు లేదు. నానో అనే ఇంగ్లీషు బిళ్ళ తగిలిస్తే తప్ప ఆయన పనికి విలువ లేదన్నట్టుంది. చేతికి దొరికిన రెండు వస్తువులతో ఇరుసు అరగకుండా కాపాడుకున్నాడు, అది చాలదా?

మా ఊరి నకాషీ బొమ్మలకి జీఐ గుర్తింపు వచ్చింది, వాటి రంగుల తయారీ గురించి పుస్తకాల్లో రాశారు. కందెనకి ఆ అదృష్టం లేదు. టైర్ల బండ్లు, బేరింగులు, ట్రాక్టర్లు వచ్చాక అది మెల్లగా మాయమైంది. గడ్డి ఎంత కాల్చాలి, సోలెడు ఆముదానికి మసి ఎంత... నేను తాతని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

మీ ఇంట్లో చెప్పగలిగిన పెద్దవాళ్ళుంటే, చప్పట్లు ఆపి ముందు వాళ్ళని అడగండి.